ఎనిమిది పేర్ల దాకానే

1988లో నేను ఆత్మకూరులో ఓ ప్రైవేటు పాల డెయిరీలో కంప్యూటర్ ఆపరేటర్ని. టెంపరరీ. ఉగాదికి పర్మనెంట్ చేస్తానని ఓనరు నారాయణయ్య మాటిచ్చాడు. ఆ మాట కోసమే రోజూ ఉదయగిరి నుంచి బస్సులో నిలబడి వచ్చేదాన్ని.

కంప్యూటర్లో దుత్తలూరు పాలకేంద్రం ఫైలు అక్కడి ఏజెంటు పేరు మీద ఉండేది. ఓనరుకు కోపమొచ్చినప్పుడల్లా ఏజెంటు మారేవాడు. మొదటి ఏజెంటు పెంచలనరసయ్య పేరును మాత్రం తాకనిచ్చేవాడు కాదు.

"పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి పెట్టిన పేరమ్మా అది. దాని జోలికి పోబాక. కొత్తోడి పేరు ఆఖర్న తగిలించు," అనేవాడు.

అలా తగిలించేదాన్నే సింబాలిక్ లింకు అంటారు. పాత పేరు తెరిస్తే, నేను కాదు, ఫలానా పేరు చూడు అంటుంది. పెంచలనరసయ్య కామయ్యను చూపిస్తాడు, కామయ్య ఇంకొకణ్ణి. యంత్రం అందరినీ దాటుకుని నిదానంగా అసలు ఫైలు చేరేది. మొదటి పేరును నేరుగా చివరిదానికి కలుపుతానని ఎన్నిసార్లు బతిమాలినా ఓనరు చెవిన పెట్టలేదు.

మా ఉదయగిరి అల్లావుద్దీన్ హైదరాబాద్‌లో ఆ యంత్రాలమ్మే కంపెనీలో ఇంజనీరు. యంత్రాన్ని లోపలినుంచి నడిపించే కెర్నెల్ అతని చేతిపనే. ఇంకెక్కడో రెండు పేర్లు ఒకదాన్నొకటి చూపించుకుంటుంటే యంత్రం వాటి మధ్యే తిరుగుతూ ఉండిపోయిందట. అందుకని కెర్నెల్ మార్చాడు. ఎనిమిది లింకులు దాటితే ఇక వెతకదు, తప్పని చెప్పి ఆగిపోతుంది. దాన్ని తనే తెచ్చి మా యంత్రంలో ఎక్కించాడు.

మా దుత్తలూరు వరసలో తొమ్మిది లింకులు. లింకులు మరీ ఎక్కువయ్యాయని తెరమీద ఇంగ్లీషులో పడింది. ఫైలు తెరుచుకోలేదు.

నారాయణయ్య నన్నడగలేదు. అల్లావుద్దీన్ని అడిగాడు.

"మిషను తప్పా, మనిషి తప్పా?"

"మిషను సరిగ్గానే పనిచేస్తుండాది సార్."

అది నిజమే. నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ పేరు ముట్టుకోవద్దని మీరే అన్నారు గదా సార్," అన్నాను.

"సదువుకున్న దానివి నువ్వు. నాకేం తెలుసు? రేపట్నుంచి రాబాక," అన్నాడు ఓనరు.

నేను బతిమాలిన పనే అల్లావుద్దీన్ నిమిషంలో చేసేశాడు. పెంచలనరసయ్యను నేరుగా చివరి ఏజెంటుకు కలిపాడు. ఓనరుకు పూజా గుర్తురాలేదు, కొబ్బరికాయా గుర్తురాలేదు. అల్లావుద్దీన్‌కు టీ తెప్పించాడు. నేను సంచీ సర్దుకునేలోపే ఓనరు మేనల్లుడు రామనారాయణ నా కుర్చీలో కూర్చున్నాడు.

బస్టాండులో అల్లావుద్దీన్ కూడా ఉదయగిరి బస్సు కోసమే నిలబడి ఉన్నాడు. తల తిప్పుకోబోయాడు గానీ నేనే దగ్గరికెళ్ళి అడిగాను.

"ఎనిమిదే ఎందుకన్నా? పదో పన్నెండో పెట్టకూడదా?"



"పెట్టొచ్చు. ఎనిమిదికి కారణమంటూ ఏం లేదు మాలకొండమ్మా. ఏదో ఒక అంకె పెట్టాల గదా," అన్నాడు.