దాపట

సుబ్రహ్మణ్యం పోయిన రోజు పొద్దున, ఆక్సిజన్ మాస్కు వెనక నుంచి వచ్చిన అతని చివరి మాటను జ్ఞానప్రసూన "దాపెట్టు" అని విన్నది. దాపెట్టు అంటే దాచిపెట్టు అని పెళ్లైన కొత్తలో అతని దగ్గరే నేర్చుకుంది. "దాపెడతానండీ" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. అలసట అనుకుంది. మధ్యాహ్నానికి అతను లేడు.

ఏది దాచాలో ఆమెకు సందేహం రాలేదు. అతను ప్రాణంగా చూసుకున్నది ఒక్కటే, జానెడు కొయ్యబండి. కువైట్‌లోని అహ్మదిలో చమురు పైపుల లెక్కలు చూసే ఇంజనీరు అతను, సాయంత్రమైతే భోజనాల బల్ల మీద గుడ్డ పరుచుకుని దాన్ని చెక్కేవాడు. రాయచోటి వైపు అతని తాత కొండ మీది నుంచి మొద్దులు దించిన బండికి నమూనా అది. రెండు చక్రాలు, మధ్యన ఇరుసు, ఇరుసు కింద మోకుతో వేలాడగట్టిన దుంగ.

ఒక్కో భాగం తయారయ్యాక భార్యను పిలిచి పేరు అడిగేవాడు. విజయవాడలో పుట్టి కువైట్ బడిలో తెలుగు చెప్పే ఆమెకు సగం తెలిసేవి కావు.

"చక్రం ఊడకుండా దిగ్గొట్టేది?"

"శీల."

"మా పక్క కడసీల. కడన నిలబడి కాసేది."

"సరే. చెట్టును మాను అంటారేమిటి మీరు? మాను అంటే కొట్టేసిన మొద్దు కదండీ."

"మా ఊర్లో బతికున్నా మానే, కొట్టేసినా మానే. పడిపోయిందని పేరు మార్చం."

ఆ జవాబును ఆమె తర్వాత చాలాసార్లు తలుచుకుంది.

బండిని పాత చీరలో చుట్టి అలమరలో పెట్టింది. కంపెనీ ఇల్లు ఖాళీ చేసి మంగఫ్‌లో చిన్న ఫ్లాటుకు మారినప్పుడు కూడా ముడి విప్పలేదు. అతను చివరిగా కోరింది చేశానన్న తృప్తి ఒక్కటే ఆమెకు మిగిలింది.

ఒక శుక్రవారం ఆ అలమర తలుపు ఊడి చేతికొచ్చింది. ఖైతాన్‌లో వడ్రంగం చేసే గంగాధరను పిలిపించింది. సుబ్రహ్మణ్యానికి చెక్కముక్కలు ఇచ్చింది అతనే. అరబ్బుల ఇంట్లో పనిచేసే అతని భార్య సిద్ధమ్మకు ఆ రోజు సెలవు. ఆమె కూడా వచ్చింది. అలమరను గోడ నుంచి జరపడానికి మొగుడూ పెళ్లాలు చెరోపక్క పట్టుకున్నారు.

"యల్లా, పట్టు మే!" అన్నాడు గంగాధర.

"బరువంతా నా పక్కే. నన్ను దాపట కట్టేసి నువ్వు ఎలపట నిలబడి షోకు చేస్తాండావు."

"దాపటెద్దుకే గదా మే ఉలవలు ఎక్కువ పెట్టేది!"

"పెట్టినావులే ఉలవలు! ముల్లుగర్రతో పొడిచిందే ఎక్కువ."

టీ గ్లాసులు తెస్తున్న జ్ఞానప్రసూన ఆగింది. పళ్లెం కింద పెట్టింది.

"ఏమన్నావు సిద్ధమ్మా?"

"తమాషాకు అన్నాలే అక్కా. తిట్టలా."

"దాపట అంటే ఎడమ పక్క కదూ?" దాపల, వలపల అని ఆమె పద్యాల్లో ఏటా పాఠం చెబుతూనే ఉంది.

"అవునక్కా. కాడికి ఎడమపక్క కట్టేది దాపటెద్దు, కుడిపక్కది ఎలపటెద్దు."

"మాను కట్టుకోని మా పక్క కొండదారి దిగేటప్పుడు లోయ పక్క నడిచేది అదే టీచరమ్మా," అన్నాడు గంగాధర. "అది బెదిరిందంటే ఖలాస్. బండీ మనిషీ లోయలోనే. సారు వాళ్ల తాత దాపటెద్దును మాత్రం ఊరూరా తిరిగి వెతికి తెచ్చేవాడంట."

ఆమె మూట తీసి ముడి విప్పింది. కాడికి కుడిపక్క ఒక ఎద్దు మెడ వంచి, కండ బిగించి నిలబడి ఉంది. ఎడమ పక్క ఏమీ లేదు. అతను దాచమనలేదు. దాపటెద్దు అన్నాడు. తల ఊపింది అలసటతో కాదు.

"అబ్బ, ఊపిరి పీలుస్తాండాది సూడు," అంది సిద్ధమ్మ, ఎద్దు వీపు నిమురుతూ.

"కడసీల సూడు మే, బియ్యపుగింజంత! నా చేతికి ఇంత సన్నపు పని రాదు." గంగాధర బండిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండోదాన్ని నేను చెక్కేదా టీచరమ్మా?"

"కొయ్య తెచ్చిపెట్టు గంగాధరా. ఉలి పట్టుకోవడం నాకు నేర్పు."

"మీకా?"

"ఏం, టీచర్లు నేర్చుకోకూడదా?" అంది సిద్ధమ్మ. "నీ మాదిరి అన్నీ తెలిసే పుట్నారా అందరూ?"

మరుసటి శుక్రవారం అతను టేకు ముక్క తెచ్చి ఇచ్చాడు, ఉలి పట్టు చూపించాడు. ఆమె కొయ్య మీద పెన్సిలుతో ఎద్దు వీపు గీత గీసింది. మెడ వంపు కుదరక చెరిపి మళ్లీ గీసింది.

దాపటెద్దును ఇంకా చెక్కలేదు, కానీ బండిని మళ్లీ దాపెట్టనూ లేదు.