కుడికాలు, ఓపెన్ ఫ్రాక్చర్

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఈకలమ్మ అంటారు. రోగుల కేసు షీట్లు చదివి, ఏ జబ్బుకు ఏ కోడ్ వెయ్యాలో తేల్చడం రికార్డుల గదిలో ఆమె పని. ఎముక విరిగిందని రాస్తే ఆమెకు చాలదు. ఏ ఎముక, కుడా ఎడమా, పక్కకు జరిగిందా, చర్మం చీల్చుకుని బయటికొచ్చిందా? ఇవన్నీ తేలేదాకా కాగితాన్ని డాక్టరుకు తిప్పి పంపుతూనే ఉంటుంది. "కోడ్‌గుడ్డు మీద ఈకలు పీకుతుంది" అని ఎముకల డాక్టరు ఓసారి నవ్వాడు. అప్పట్నుంచీ ఆ పేరు అతుక్కుపోయింది.

ఆ సోమవారం ఆమె బల్ల మీదికి ఒక తాపీమేస్త్రి ఫైలు వచ్చింది. పరంజా మీంచి పడి, కుడి మోకాలి కింది ఎముక విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టు వేశాక ఐదు వారాల్లో నాలుగుసార్లు వచ్చి చూపించుకున్నాడు. నాలుగు నోట్లూ పొల్లు పోకుండా ఒకటే: "క్లోజ్డ్ ఫ్రాక్చర్. చర్మం చిట్లలేదు. బాగా మానుతోంది." మూడో నోటులోనైతే మేస్త్రి కాస్తా "ఈమె" అయిపోయాడు. ఇంకెవరో ఆడరోగి ఫైల్లోని నోటు ఎత్తుకొచ్చి ఇక్కడ అతికించారన్నమాట.

ఐదోసారి మేస్త్రిని ఏకంగా వార్డులో చేర్చుకున్నారు. ఎముకకు చీము పట్టింది.

ఈకలమ్మ వెనక్కి తిప్పి మొదటిరోజు కాగితం తీసింది. క్యాజువాలిటీ నర్సు గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఎముక బయటికి కనిపిస్తోంది. గాయంలో ఇసుక." పక్కన ఫొటో. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఆ నాలుగు నోట్లూ మళ్లీ చదివింది.

వాటి కింద సంతకం పెట్టిన ఎముకల డాక్టరుకు సంజాయిషీ అడుగుతూ కాగితం పంపింది. సాయంత్రానికి డాక్టరే దిగొచ్చాడు.

"ఏంటమ్మా, మళ్లీ ఈకలా?"

"గాయం ఉందని నర్సు రాసింది సార్. లేదని మీరు రాశారు. ఏది వెయ్యమంటారు?"

"అదంతా పాత సంగతి. ఇప్పుడు చీము పట్టింది, దానికి వెయ్యి. డాక్టరు చెప్పిన మాట రోగి వినలేదని ఓ కోడ్ ఉందిగా, అదీ తగిలించు. ఇంట్లో కట్టు తడుపుకునుంటాడు."

"తడిపాడని ఎక్కడా లేదే?"

"ఇప్పుడు రాస్తా. పెన్నిలా ఇవ్వు."

చాచిన చెయ్యి తెల్లగా, సబ్బు వాసనతో ఉంది. దాన్ని చూస్తే ఆమెకు పురుగును చూసినట్టయింది. పెన్ను సొరుగులో పడేసింది.

"రాస్తే మీ పెన్నుతో, ఇవాళ్టి తేదీ వేసి రాయండి. పాత కాగితం ముట్టుకుంటే ఊరుకోను."

అతను విసురుగా వెళ్లిపోయాడు. సూపర్‌వైజరు గొంతు తగ్గించి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మనకెందుకమ్మా" అన్నాడు.

"తొక్కింది మనం కాదు సార్. కడగమనేది మాత్రం మనల్ని."

మర్నాడు ఆమె వార్డుకు వెళ్లింది. మేస్త్రి మంచం దగ్గర ముక్కు పగిలే కంపు. కాలు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడతను. అతని భార్య లేచి నిలబడింది.

"కట్టులోంచి వాసనొస్తోందని రెండోసారి వచ్చినప్పుడే చెప్పానమ్మా. చెమట కంపులే, శుభ్రంగా ఉండమను అన్నారు. ఈయన అప్పట్నుంచీ సిగ్గుపడి నన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు."

ఈకలమ్మకు నోట్లో చేదు ఊరింది. "ఫైలు నకలు కావాలని అర్జీ పెట్టమ్మా. మొదటి కాగితం, ఫొటో సహా అని రాయి. అడిగితే ఇచ్చి తీరాలి" అంది.

ఆ నకలు పట్టుకుని మేస్త్రి భార్య ఫిర్యాదు చేస్తే, విచారణ కమిటీ కూర్చుంది. "ఓపెన్ ఫ్రాక్చర్. నమోదులో పొరపాటు" అని డాక్టరు ఒక్క ముక్క రాసిచ్చాడు. పాత నోట్లు అతికించకూడదని అందరికీ కాగితం తిరిగింది. అంతే. రెండు ఆపరేషన్లతో మేస్త్రి కాలు దక్కింది గానీ, చీలమండ వంగదు. ఇక పరంజా ఎక్కలేడు.

కమిటీ ముగిసిన వారంలోనే లిఫ్టులో డాక్టరు ఎదురయ్యాడు. "నేను మనసులో ఏం పెట్టుకోలేదమ్మా. సారీ కూడా చెబుతున్నా, సరేనా?" అన్నాడు నవ్వుతూ.

"నాకెందుకు సార్? మూడో అంతస్తు, పన్నెండో మంచం. వాళ్లకు చెప్పండి."

మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. డాక్టరు ఫోనులోకి చూస్తూ నిలబడ్డాడు. తలుపు మూసుకోబోతుంటే ఈకలమ్మ కాలు అడ్డం పెట్టి, తనే దిగిపోయింది. అతను పీల్చి వదిలిన గాలి ఇంకో నిమిషం పీల్చడం ఆమెవల్ల కాలేదు.