వందో పొయ్యి

ఈరోజు సాయంత్రం నాలుగులోగా వందో కట్టెల పొయ్యి లారీ ఎక్కకపోతే ఊరి ఆఫీసులో ల్యుప్కా ఉద్యోగం ఊడినట్టే. పొగ తగ్గిస్తామని మాసిడోనియా దేశం ప్రపంచానికి మాటిచ్చింది, ఆ మాటని ప్రభుత్వం ఊళ్లకి పంచింది, వీళ్ల ఊరి వాటాకి వంద పొయ్యిలు వచ్చాయి. పాత పొయ్యి అప్పగిస్తే కొత్త కరెంటు హీటరు ఉచితం. ఆరు నెలలు ఇల్లిల్లూ తిరిగి, కాళ్లావేళ్లా పడి, ల్యుప్కా తొంభైతొమ్మిది లాగేసింది. మిగిలింది రిస్తానా బామ్మది ఒక్కటే.

మూడింటికి ఆ ఇంటి గేటు తోసి నోరెళ్లబెట్టింది. ఊరు ఊరంతా పెరట్లోనే ఉంది! మధ్యలో పొయ్యి భగభగ మండుతోంది, చుట్టూ దాదాపు ఖాళీ అయిన ఎర్ర మిరపకాయల బస్తాలు, పొయ్యిలిచ్చేసిన ఇళ్లవాళ్లంతా వరసలో. సెప్టెంబరు ఆఖరు మరి! మిరపకాయలు కాల్చి, తొక్క ఒలిచి, ఏడాదికి సరిపడా ఐవార్ పచ్చడి పెట్టుకునే రోజులు. గడువు పెట్టిన పెద్దమనుషులూ ఈ దేశంలోనే పుట్టారు, ఐవార్ తినే పెరిగారు, అయినా ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

వరసలో ల్యుప్కా వాళ్లమ్మ కూడా ఉంది.

"అమ్మా! నువ్వు కూడానా?"

"మరి చలికాలమంతా రొట్టె మీద నీ ఫారాలు రాసుకుని తినమంటావా?"

పెరడంతా ఘొల్లున నవ్వింది. డేగిశాలో గరిటె తిప్పుతున్న రిస్తానా బామ్మ మాత్రం తలెత్తలేదు.

"బామ్మా, నాలుగింటికి లారీ వస్తుంది. నీకు హీటరు ముందే ఇచ్చాంగా!"

"ఇల్లు వెచ్చబెడుతుందే గానీ అది మిరపకాయ కాలుస్తుందటే? పొయ్యి ఇవ్వనన్నానా? ఈ ఆఖరి డేగిశా దిగనీ, పట్టుకుపో."

"ఎంతసేపు?"

"రెండు గంటలు. క్షణం ఆపామంటే అడుగంటుతుంది. అలా గుడ్లప్పగించి చూడకపోతే కూర్చుని తొక్కలు ఒలవరాదూ?"

ల్యుప్కా ఫైలు పక్కన పడేసి, చొక్కా చేతులు పైకి మడిచి, తొక్కలు ఒలవడానికి కూర్చుంది. కళ్లు మండాయి, వేళ్లు కాలాయి, గడియారం మాత్రం పరిగెత్తింది. నాలుగింటికి పది నిమిషాలుందనగా లారీ వచ్చింది.

పాంచె అనే ఆ లారీ డ్రైవరు తల గోక్కున్నాడు. "చెల్లెమ్మా, మండుతున్న పొయ్యిని ఎలా ఎక్కించేది?"

ల్యుప్కా గబగబా ఫారం తిరగేసింది. పొయ్యి నాలుగులోగా గేటు దాటి లారీ ఎక్కాలని ఉంది. మంట ఆర్పాలని ఎక్కడా లేదు!

"అన్నా, ఇనప కడ్డీలు తే! తడి గోనెలు కప్పుకోండి! బామ్మా, నువ్వు ముందెక్కు!"

నలుగురు మొగాళ్లు కడ్డీల మీద పొయ్యిని మోశారు, ఇద్దరు డేగిశాని పట్టుకున్నారు, లారీ మీద స్టూలేసుకున్న బామ్మ గరిటె ఆపితే ఒట్టు. మూడు యాభై ఎనిమిదికి ల్యుప్కా ఫొటో కొట్టి రాజధాని స్కోప్యేలోని పెద్దాఫీసుకి పంపింది.

వెంటనే ఫోనొచ్చింది.

"ఏంటమ్మా, లారీలోంచి పొగొస్తోంది?" అవతల పెద్దాఫీసరు గొంతు.

ల్యుప్కా డేగిశా వైపు చూసింది. "అదీ... ఐవార్ అండీ. ఇంకో గంటలో అయిపోతుంది."

అవతల కాగితం తిరగేసిన చప్పుడు.

"సరే, వందా పూర్తయినట్టు రాస్తున్నా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఫొటోలో ఆ ముసలావిడ కెమెరా వైపు చూస్తోందే... గరిటె ఆపలేదు కదా?"