చప్పుడు లేని కారు

"రెండోది ఇవ్వు. అది కాదు, దాని పక్కది," అన్నాడాయన కారు కిందనుంచి.

ఆవిడ పాత పేపరు మీద వరసగా పేర్చిన, నంబర్లు కొట్టిన నాలుగు ఇనుప బేరింగు మూతల్లో రెండోది తీసి అందించింది. స్టాండ్ల మీద నిలబెట్టిన కారు కిందనుంచి ఆయన పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎడమ సాక్సుకు చిల్లు. నిన్న కుట్టి ఇస్తానంటే వినలేదు.

"ఈ నంబర్లకింత పట్టింపేమిటి?"

"ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓసారి రెండూ మూడూ మార్చి బిగించాను. బస్సు సగం దారిలో మొరాయించింది. నలభైమంది నన్ను తిట్టుకుంటూ నడిచెళ్లారు. ఏ మూత ఎక్కడ కుదురుకుందో అక్కడే ఉండాలి."

"అయితే నన్నూ కదిలించకండి. ఈ పీట మీద కుదురుకున్నాను."

కారు కిందనుంచి నవ్వు వినిపించింది.

ముప్ఫై ఒక్క ఏళ్లు గ్యారేజీలో బస్సులు బాగుచేసినవాడికి సొంత కారు దగ్గరికొచ్చేసరికి తీరిక దొరకలేదు. ఇంజిన్‌లో బేరింగులు అరిగి రెండేళ్లుగా టకటకమంటుంటే, చిక్కటి ఆయిల్ పోసి నెట్టుకొచ్చాడు. "మీరు సందు తిరిగితే వీధంతా లేచి కూర్చుంటుంది," అని ఆవిడ ఓసారి వేళాకోళం చేసింది. ఆయన ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. రిటైరైన వారం తిరక్కుండానే కారు కిందికి దూరాడు. తన కారు చప్పుడు లేకుండా రావడం ఆవిడ ఒక్కసారైనా చూడాలి, అంతే ఆయన పంతం.

ఆయన ఇంటికి రావడానికి వేళాపాళా ఉండేది కాదు. అయినా ఆయన చేతులు కడుక్కునేసరికి టీ సిద్ధంగా ఉండేది. అదెలాగని ఆయన ఏనాడూ అడగలేదు. ఆ టకటకలు వినబడగానే స్టవ్ వెలిగిస్తానని ఆవిడా చెప్పలేదు. పిచ్చి మారాజు, ఎంత కష్టపడుతున్నాడో అనుకుని ఇప్పుడూ ఊరుకుంది.

మధ్యాహ్నానికి ఆయన బయటికి వచ్చాడు. ఎడమ భుజం నొక్కుకుంటూ, అర్ధచంద్రంలా వంగి ఉన్న, అరిగిన సగం బేరింగు రేకు ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు.

"చూడు, ఎలా అరిగిపోయిందో."

"భుజమేమైంది?"

"నేల మీద పడుకున్నాను కదా, పట్టేసింది. కారు స్టాండ్ల మీంచి దింపి ఒక చుట్టు తిరిగొస్తాను. టీ పెట్టు."

ఆవిడ రేకును వంటింటి కిటికీలో పెట్టి, గిన్నెలో నీళ్లు పోసి, అగ్గిపెట్టె పట్టుకుని నిలబడింది. అలవాటుగా సందు మలుపు వైపు చెవి వేసింది. ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. పక్కింటి కుళాయి ఆగింది. టకటకలు లేవు. ఎంత దూరం వెళ్లాడో ఈ మనిషి అని విసుక్కుంది.

చివరికి తలుపు తీసి చూస్తే కారు గేటు ముందే ఉంది. ఇంజిన్ నడుస్తోంది, పిల్లి గురక పాటి చప్పుడు కూడా లేదు. ఆయన స్టీరింగు మీద చెయ్యేసి, కళ్లు మూసుకుని, కాస్త పక్కకు ఒరిగి కూర్చున్నాడు. ఇంజిన్ వింటున్నాడనుకుని ఆవిడ కదిలించలేదు. కాసేపు తానూ అక్కడే నిలబడి వింది.

"బాగుందండీ," అంది.

గుండె ఒక్కసారిగా ఆగిపోయిందనీ, పక్కనే ఎవరున్నా చేయగలిగింది లేదనీ డాక్టరు చెప్పాడు. ఆవిడ తలూపింది. ఇంజిన్ ఆపింది మాత్రం ఆవిడే.

వెలిగించని స్టవ్ మీద నీళ్లగిన్నె అలాగే ఉంది. కిటికీలో ఆ సగం రేకు, పూత పోయిన చోట రాగి రంగు తేలి, అంచున ఆయన బొటనవేలి నల్లటి ముద్రతో.