నా గొంతుతో మాట్లాడే నంబరు

మనిషన్నవాడు తనకు అర్థం కాకపోతే "ఏందీ?" అని అడుగుతాడు. మా ఆఫీసు యంత్రానికి ఆ బుద్ధి లేదు. అర్థం కానిదాన్ని దాటేసి పోతుంది, పైగా ఎంతో మర్యాదగా జవాబు చెబుతుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

తాండూరులో మా కంపెనీ గొర్రెల కాపరుల కోసం ఒక ఫోన్ నంబరు నడుపుతుంది. గొర్రెకు జబ్బు చేస్తే ఫోన్ చేసి అడగొచ్చు. జవాబు చెప్పేది మనిషి కాదు, చాట్‌బాట్. ఏ మాటకు ఏ జవాబు చెప్పాలో ట్యాగులనే గుర్తుల మధ్య రాసిపెట్టేది నేను. ఆ రాతను చదివి నడిపించే ప్రోగ్రామును ఇంటర్‌ప్రెటర్ అంటారు. గొంతు కూడా నాదే. "గొర్లు కాసెటోళ్ల ఇంటి పిల్లవు, గా మాట నీ నోట్లనే మంచిగుంటది" అని మా ఓనరు సోమేశ్వర్ సార్ నాతోనే రికార్డు చేయించాడు. వాళ్లది కందిపప్పు మిల్లుల కుటుంబం. ఈ కంపెనీ ఆయన కొత్త మోజు.

ఈమధ్య ఖర్చు దండగని పాత ఇంటర్‌ప్రెటర్ తీయించి, ఉచితంగా దొరికే ఇంకొకటి పెట్టించాడు. దానికి అన్ని ట్యాగులూ రావు. అసలైనదే రాదు. తాను అంతకుముందు ఏం అడిగిందో గుర్తుపెట్టుకునే ట్యాగు అది. అది లేకపోతే, ఎదుటివాళ్లు "ఆఁ" అంటే దేనికి ఆఁ అన్నారో బాట్‌కు తెలియదు. ఎవరు ఆఁ అన్నా ఒకటే జవాబు: "మంచిది. అట్లనే చేయండి."

"సార్, గిది బంద్ చేద్దాం. ఎవలదన్న మంద ఆగమైతది" అని మొత్తుకున్నాను.

"వచ్చే వర్షన్ల గా ట్యాగు వస్తదంట. జర ఓపిక పట్టు మల్లికా, గింతదానికి పరేషాన్ ఎందుకు?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మా నాయిన బీరన్న కోట్‌పల్లి దగ్గర గొర్రెలు కాస్తాడు. మా ఇంటిల్లిపాదీ బతికేది ఆ మంద మీదే. నా చదువూ దాని పుణ్యమే. ఊళ్లో ఎవరో ఇస్తే ఆ నంబరుకు ఫోన్ చేసి, నా గొంతు విని మురిసిపోయాడు. అది నేను కాదు, మిషన్ అని ఎంత చెప్పినా వింటేగా!

"గొంతు నీదేనాయె. ఆఫీసుల ఇంటోళ్ల లెక్క మాట్లాడొద్దన్నరేమో, గందుకే అండీ గిండీ అంటున్నవ్" అని నవ్వేవాడు.

ఆ పొద్దున నా ముందున్న స్క్రీన్ మీద నాయిన నంబరు వెలిగింది. ఫోన్లో మాట్లాడేదంతా అక్కడ అక్షరాలుగా పడుతుంది.

"బిడ్డా, నేనే. గొర్లు పారుకుంటున్నయ్. నట్టల మందు ఇంకోపారి పొయ్యాల్నా?" గొర్రెలకు విరేచనాలవుతున్నాయి, కడుపులో పురుగులు చావడానికి పోసే మందు మళ్లీ పోయాలా అని.

"నిన్న మొన్న నట్టల మందు తాగించారా?" అని బాట్ అడిగింది. నేను రాసిన ప్రశ్నే. ఆఁ అంటే ఏం చెప్పాలో కూడా రాశాను: మళ్లీ తాగించకండి, గొర్రెలు చచ్చిపోతాయి, వెంటనే డాక్టరును పిలవండి.

"ఆఁ."

"మంచిది. అట్లనే చేయండి."

"వద్దు నాయినా!" అని స్క్రీన్ మీద అరిచాను. పిచ్చిదాన్ని, అరిస్తే వినబడుతుందా? ఆయనకు ఫోన్ కొట్టాను. వేరే కాల్‌లో ఉన్నారంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. వేరే కాల్ ఎవరితో? నాతోనే!

"రూపేష్, లైన్ కట్ చెయ్!" అన్నాను పక్క సీటతనితో.

"మన చేతుల లేదక్కా. మొత్తం బంద్ చెయ్యాలె. గా పాస్‌వర్డ్ సార్ దగ్గరున్నది."

సార్ వికారాబాద్‌లో మీటింగులో ఉన్నాడు. ఫోన్ ఎత్తలేదు. అమ్మకు వేరే ఫోన్ లేదు. మా ఊరి నవీన్‌కుమార్‌కు చేస్తే బండి మీద మంద దగ్గరికి బయల్దేరాడు. నాయిన అమ్మతో అనే మాటలు కూడా స్క్రీన్ మీద పడుతూనే ఉన్నాయి.

"బుగ్గమ్మా, సీస తే. బిడ్డ పొయ్యమన్నది... దీని నోరు పట్టు... బిడ్డా, లైన్లనే ఉన్నవా? మీ అమ్మ జొన్నరొట్టెలు పంపుతనంటున్నది. టైముకు తింటున్నవా?"

"మీ ప్రశ్న అర్థం కాలేదు. మరోసారి చెప్పండి."

"ఏం లేదు తియ్, పని జేస్కో" అన్నాడు. అన్నాడే గానీ పెట్టేయలేదు. గొర్రె తర్వాత గొర్రెకు పోస్తూ నాతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. నవీన్‌కుమార్ చేరేసరికి సీసా ఖాళీ అయింది.

బస్సూ ఆటో పట్టుకుని నేను చేరేసరికి గొర్రెలు నురగలు కక్కుతూ వణుకుతున్నాయి. డాక్టరు వచ్చి సూదులు వేశాడు. లేచినవి లేచాయి. చాలా మటుకు లేవలేదు. అమ్మ చచ్చిన గొర్రె మీద పడి ఏడుస్తోంది.

"బిడ్డ చెప్తెనే పోసినవంట గదా, బీరన్నా?" అని ఎవరో అడిగారు.

"బిడ్డ వద్దనే చెప్పింది. నాకే సక్కగ ఇనవడలె" అన్నాడు నాయిన.

ఆయన్ని పక్కకు తీసుకుపోయి చేతులు పట్టుకున్నాను. "నాయినా, నీ కాళ్లు మొక్కుత, నమ్ము. గది నేను కాదు. మిషన్."

"గట్లనే చెప్పు బిడ్డా. ఎవరడిగినా గట్లనే చెప్పు, నీ నౌకరి పోవద్దు. నేను గూడ గట్లనే చెప్త" అన్నాడు మెల్లగా.

నా తల నిమిరాడు. ఆ చేతికి ఇంకా మందు వాసన వస్తోంది.