జూనిపర్ కళ్లు

పశువుల డాక్టరు ఒంటిగంటకు వస్తానన్నాడు. డెలీన్ ఆర్లో వాకిట్లో కెమెరా సంచీ దించేసరికే పన్నెండున్నర. ఏప్రిల్ చివర కురిసిన మంచు మీద ఎండ కళ్లు తెరవనివ్వడం లేదు.

"సాయంత్రం దాకా ఆగకూడదా, పెద్దాయనా? అప్పుడైతే వెలుగు మెత్తగా ఉంటుంది."

"నన్నెందుకు అడుగుతావ్? దాన్నడుగు," అన్నాడు ఆర్లో.

నల్లగుర్రం జూనిపర్‌కి ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది. కుడి ముందుకాలు నేలకి ఆనించడం లేదు. ఆనించి నాలుగు రోజులైంది. ఇక నయం కాదు, సూదిమందుతో దాన్ని నిద్రపుచ్చడానికే డాక్టరు వస్తున్నాడు.

డెలీన్ సంచీ విప్పింది. నాలుగేళ్ల కిందట ఇదే గుర్రంతో ఆర్లో భార్య ఐలీన్‌ని ఫొటో తీసింది తనే. మునిమాపు వేళ, తొందరలో, కెమెరా నెత్తిన ఫ్లాష్ పెట్టి ఎదురుగా కొట్టింది. ఐలీన్ నవ్వు బాగానే వచ్చింది. జూనిపర్ కళ్లు మాత్రం పచ్చగా, దయ్యం కళ్లలా వెలిగాయి. మళ్లీ తీద్దాం అనుకుంటుండగానే ఐలీన్ పోయింది. ఆ ఫొటో ఆర్లో వంటింట్లో ఉంది. గుర్రం ఉన్న సగానికి అడ్డంగా దాణా కొట్టువాళ్ల క్యాలెండర్ వేలాడుతుంది. కాఫీకి వెళ్లినప్పుడల్లా డెలీన్ ఆ క్యాలెండర్నే చూసేది.

ఆర్లోనీ గుర్రాన్నీ ఎండలో నిలబెట్టి చూసింది. గుర్రం బొగ్గు ముద్దలా ఉంది. టోపీ అంచు కింద ఆర్లో ముఖమే లేదు.

"టోపీ తీస్తారా?"

"టోపీ లేకుండా అది నన్నెప్పుడూ చూళ్లేదు. ఎవడో దొంగ వచ్చాడనుకుంటుంది."

"మీకున్న నాలుగు వెంట్రుకలు చూసి జాలి పడుతుందిలెండి."

"ఐదు," అన్నాడాయన.

నీడ పోగొట్టడానికి ఫ్లాష్ బాగా తగ్గించి, పక్కనుంచి ఒక్కసారి కొట్టింది. జూనిపర్ ఉలిక్కిపడి ఆ కుంటికాలు మీదే బరువు మోపింది. చెవులు వెనక్కి పడుకున్నాయి.

ఆర్లో దాని మెడ నిమురుతూ ఉండిపోయాడు. తనని నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది డెలీన్‌కి.

డెలీన్ ఫ్లాష్ ఊడదీసి సంచీలో పడేసింది. ఉత్తర ముఖంగా ఉన్న గుర్రపు సాల వైపు చూసింది. గుమ్మంలో నీడ. గుమ్మం ముందు వాకిలంతా ఎండ పడ్డ మంచు.

"లోపలికి తీసుకురండి. గుమ్మం దాటి రెండడుగులు చాలు."

ఆ నాలుగు బారలు నడవడానికి గుర్రానికి చాలాసేపు పట్టింది. తొందర పెట్టినవాళ్లు లేరు. డెలీన్ మంచులో మోకాలేసుకుని కెమెరా ఎత్తింది. వాకిట్లోని వెలుగు కిందనుంచి లేచి, టోపీ అంచు కిందికి దూరి, ఆర్లో ముఖాన్ని ముడత ముడతా చూపించింది. జూనిపర్ కంటిలో తెల్లని గుమ్మం చిన్నదిగా నిలబడింది. చెవులు మాత్రం లేవలేదు. ఓట్స్ దాణా డబ్బా గలగలలాడించినా లేవలేదు.

అప్పుడు ఆమె వీపు వెనక, దారి మీద ట్రక్కు చప్పుడైంది.

చలికాలమంతా ఆ దారినే ట్రక్కులో ఎండుగడ్డి వచ్చేది. జూనిపర్ తల ఎత్తింది. రెండు చెవులూ నిటారుగా ముందుకు లేచాయి. ఆర్లో ట్రక్కు వైపు చూడలేదు, గుర్రం చెవుల వైపు చూశాడు.

డెలీన్ నొక్కింది. ఒకటే.

కెమెరా వెనక ఉన్న చిన్న బొమ్మని ఆర్లో దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. బొటనవేలితో గుర్రం కంటి పక్కన తాకాడు.

"ఆఁ. ఇదీ దాని చూపు," అన్నాడు. "ఆ మేకుకి ఇదే తగిలిస్తా. క్యాలెండర్‌కి వేరే మేకు చూసుకోవాలి."

డాక్టరు ట్రక్కు దిగి గేటు దగ్గరే ఆగాడు. ఆర్లో టోపీ తీసి మేకుకి తగిలించి, జూనిపర్ నుదుటికి తన నుదురు ఆనించాడు. అది ఆయన నెత్తి వాసన చూసింది. బెదరలేదు.

వెలుగు ఇంకా అలాగే ఉంది. డెలీన్ కెమెరాకి మూత పెట్టేసింది.