తల్లి వరస

ఆ రోజు తెల్లారేసరికి తూర్పున మబ్బు పలచగా పరుచుకుని ఉంది. ఎండా లేదు, వానా లేదు, గాలి కూడా ఆగిపోయింది. గాలి లేని రోజున మా తోట వాసన ఎక్కడికీ పోదు, నేల మీద మోకాలెత్తున నిలబడి ఉంటుంది. నేను పార భుజాన వేసుకుని నీళ్లు మళ్లించడానికి వెళ్తున్నాను. ఆ వాసనలో ఏదో తేడా ఉంది. ఆకు వాసన కాదు, వేరు వాసన.

మాది ఆఫ్రికా మాచిపత్రి తోట. ఆ మొక్క పుట్టిల్లు అక్కడి కొండలు. బూడిద రంగు ఆకు, ఈకలాగా సన్నగా చీలి ఉంటుంది. నలిపితే కర్పూరం, నాలిక మీద పెడితే విషమంత చేదు. దగ్గుకీ జ్వరానికీ అక్కడివాళ్లు దాన్ని కాచి తాగుతారనీ, మరిగించి ఆవిరి పడతారనీ చెప్పి, ఓడలో వంటచేసి వచ్చిన ఒక ముసలాయన తడిగుడ్డలో చుట్టిన అయిదు కొమ్మలు మా అన్నకిచ్చాడు. అన్న వాటిని బతికించాడు. అయిదు పంతొమ్మిదయ్యాయి. ఆ పంతొమ్మిదింటినీ మేం తల్లి వరస అంటాం. మిగతా అరెకరమంతా దాని పిల్లలే. పిల్ల మొక్క మూడేళ్లకి మొద్దుబారిపోతుంది, దాని కొమ్మ గుచ్చితే మా నేలలో వేరు పట్టదు. తల్లి కొమ్మే కావాలి. అందుకే తల్లి వరసలో జానెడు ఎత్తు వదిలి కోస్తాం. అది పోతే రెండేళ్లలో తోట పోతుంది, నూనె తీసే బట్టీ పోతుంది.

ఆ తల్లి వరసని వదిన పీకుతోంది.

రెండు చేతులా మొదలు పట్టుకుని, మడమలు నేలలో తన్ని, ఒక్కో మొక్కనీ వేళ్లతో సహా లాగి వెనక్కి విసిరేస్తోంది. అరచేతులు చీరుకుపోయి నెత్తురొస్తోంది. దవడకి ఒకవైపు బొటనవేలి గుర్తు, రెండోవైపు నాలుగు వేళ్ల గుర్తులు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. గుండెల మీద బట్ట ఆకుపచ్చగా తడిసి ఉంది.

ఆ వేళ్లెవరివో నాకు తెలుసు. ముందురోజు వదినని సైకిలు మీద నర్సు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. వదినకి మూడో నెల. అంతకుముందు రెండుసార్లు నాలుగో నెలలో కడుపు పోయింది. నేను తెరకి ఇవతల బల్ల మీద కూర్చున్నాను, మాటలన్నీ వినపడ్డాయి. రోజూ ఏమన్నా తాగుతున్నావా అని నర్సు అడిగింది. దగ్గుకి ఆకు కషాయం, పొద్దున్నే, నాలుగేళ్లుగా, అంది వదిన. ఏం ఆకు అంది నర్సు. వదిన చెయ్యి వాసన చూపించినట్టుంది. తర్వాత నర్సు గొంతు తగ్గించి, కడుపుతో ఉన్నవాళ్లు అది తాగకూడదమ్మా, గర్భసంచి బిగుసుకుంటుంది, నీకెవరూ చెప్పలేదా అంది. దారంతా వదిన నోరు మెదపలేదు. నేనెలాగూ మెదపను. ఇంట్లో నా పేరే మూగోడు.

సాయంత్రం వదిన ఆ సంగతి అన్నకి చెప్పింది. అన్న నవ్వాడు. ఆ ఆకు తాగి మంచం దిగినవాళ్లని వేళ్లు మడిచి చెప్పుకొచ్చాడు. మా నాన్న, ఎదురింటి దర్జీ, దర్జీ అత్తగారు. నర్సుకి మాత్రలు తెలుసుగానీ మొక్కలేం తెలుసన్నాడు. ఆ రోజు తెల్లారుతూనే వదినకి దగ్గు తెర వచ్చింది. అన్న కషాయం కాచి తెచ్చాడు. ఆమె వద్దంది. ఇంకోసారి వద్దంది. అన్న ఆమె తల గోడకి ఆనించి, దవడ నొక్కిపట్టి, గ్లాసు పళ్లకి తగిలి టకటకమంటుంటే పోశాడు. ఆమె అంతా కక్కేసి పెరటివైపు వెళ్లింది. నేను వసారాలో కొడవళ్లు నూరుతున్నాను. చూశాను. నూరుతూనే ఉన్నాను.

ఇప్పుడు చివరి మొక్క కూడా పీకేసి ఆమె నన్ను చూసింది.

"అబ్బాయ్, నువ్వు చూళ్లేదు."

"లేదు వదినా," అన్నాను.

ఆమె ఇంట్లోకి వెళ్లి కిరసనాయిలు స్టవ్ ముందేసుకుని వత్తులు తీసి తుడవడం మొదలుపెట్టింది. ఆ పని ఎందుకు పెట్టుకుందో నాకర్థమైంది. మా ఇంట్లో ఎవరేం చేశారో నోటితో అడగం. చేతులు వాసన చూస్తాం. ఆకు వాసన సబ్బుకి పోతుంది, వేరు వాసన రెండు రోజులకి గానీ పోదు. దాన్ని మింగేది కిరసనాయిలొక్కటే.

అంతలో బావ వచ్చాడు. బావంటే మా అక్క మొగుడు. బట్టీ పని ఆయనదే. అక్క పోయి ఆరేళ్లయింది. ఇంక వెళ్లిపోతాడనుకున్నాం, వెళ్లలేదు. నా చొక్కాకి మీ వాసన పట్టేసింది, వేరే గుమ్మంలోకి ఎవడు రానిస్తాడురా అనేవాడు. పడి ఉన్న మొక్కల్ని చూసి ఈల వేయబోయి ఆగిపోయాడు. వంగి మట్టిలో అడుగులు చూశాడు. చిన్న పాదాలు, చెప్పుల్లేవు. నా మొహం చూశాడు. నేను తల దించుకున్నాను.

"సరేలే. నువ్వు నోరు తెరిస్తే ఊళ్లో ఈగలు జడుసుకుంటాయి," అన్నాడు.

కాలితో ఆ అడుగులన్నీ చెరిపేశాడు. తర్వాత గోనెసంచి కాలువలో ముంచి, వేళ్లు తెగని మొక్కలు ఏరి అందులో పేర్చసాగాడు. మధ్యాహ్నంలోపు నాటితే సగమన్నా బతుకుతాయి, నువ్వు గుంటలు తియ్యి అన్నాడు. పదకొండు ఏరాడు.

అన్న వచ్చేసరికి బావ ఆ సంచి మూతి కడుతున్నాడు.

అన్న అరవలేదు. ఖాళీ వరస ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచి వచ్చాడు. మమ్మల్ని బట్టీ పాకలోకి రమ్మన్నాడు, వదినని కూడా పిలిచాడు. డ్రమ్ము అప్పటికే మరుగుతోంది, మూత అంచున ఆవిరి కక్కుతోంది. నా చేతులు వాసన చూశాడు. ఇనుము, నూరుడురాయి. వదినవి చూశాడు. చీరిన అరచేతుల్ని స్టవ్ మసి కప్పేసింది. కిరసనాయిలు. బావవి చూశాడు. వేరు వాసన. వదలకుండా అలాగే పట్టుకున్నాడు.

పోయిన ఏడాది బావ పది కొమ్మలడిగాడు, వేరే చోట తనకంటూ నాలుగు మడులు వేసుకుంటానని. అన్న ఇవ్వనన్నాడు. ఆ మాట అక్కడితో పోయిందనుకున్నాం.

"అడిగితే ఇవ్వలేదని దొంగతనమా బావా?"

బావ వదినవైపు చూడలేదు. చూస్తే అన్న కూడా చూస్తాడు. "ఎండిపోతాయిరా, ముందు నాటనీ," అన్నాడు.

డ్రమ్ములోకి ఆకు కూరే తెడ్డు అన్న చేతికందింది. మొదటి దెబ్బ మెడ మీద పడింది. బావ పక్కకి తూలి డ్రమ్ము ఆవిరి గొట్టం పట్టుకున్నాడు, అది కాలి వదిలేశాడు. రెండో దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు దగ్గర ఎండుకొమ్మ విరిచినట్టు చప్పుడైంది. బావ ఒకసారి గాలి పీల్చి, అన్న కడుపులో తలతో కుమ్మాడు. ఇద్దరూ ఆకు కుప్ప మీద పడ్డారు. బావకి ఒక చెయ్యే పనిచేస్తోంది, దాంతోనే అన్న ముక్కు మీద మూడుసార్లు గుద్దాడు. బూడిద రంగు ఆకు మీద నెత్తురు నల్లగా కనపడింది. అన్న పైకొచ్చాడు. మోకాలు బావ రొమ్ము మీద వేసి, ఆ విరిగిన చెయ్యే పట్టుకుని డ్రమ్ము వైపు ఈడ్చాడు.

"పీకింది నేనే అను. లేకపోతే ఎవరో చెప్పు."

బావ ఏదీ అనలేదు. వేళ్లు ఆవిరిలోకి వెళ్లాయి. ఆయన గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది. అక్క పోయిన రోజు కూడా ఆయన అలాంటి చప్పుడు చెయ్యలేదు. వదిన గోడకి జారగిలబడి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉంది. నేను చెప్తే అన్న ఆమె మీదికి వెళ్తాడు, ఆ పొట్టలోది పోతుంది. చెప్పకపోతే బావ చెయ్యి ఉడికిపోతుంది. నాకు ఇంతకంటే ఎక్కువ ఆలోచించే టైము లేదు.

"వదిన పీకింది. నేను చూశాను," అన్నాను.

అన్న బావని వదిలేశాడు. లేచాడు. తెడ్డు ఇంకా చేతిలోనే ఉంది. వదినవైపు రెండడుగులు వేశాడు, మూడోది వెయ్యనివ్వలేదు నేను. నా చేతిలోని పార తిరగేసి, బలమంతా పెట్టి వాడి మోకాళ్ల వెనక కొట్టాను. బోర్లా పడ్డాడు. లేవబోతుంటే వీపు మీద ఇంకోటి వేశాను. పుట్టి బుద్ధెరిగాక అన్న మీద నేను చెయ్యెత్తడం అదే మొదలు. మూడోది కూడా వేసేవాణ్ణి. వదిన నా చెయ్యి పట్టుకుంది.

అన్న మోకాళ్ల మీద లేచాడు. పెదాల మీదుగా నెత్తురు కారుతోంది. వదిన దగ్గరికొచ్చి వాడి ఎదురుగా నిలబడింది, తెడ్డు అందేంత దగ్గరగా.

"రెండింటిని తెలియక చంపావు. దీన్ని తెలిసి చంపుతావా, ఇప్పుడే చెప్పు. నేను దాక్కోను," అంది.

డ్రమ్ము మూత కటకటలాడుతోంది. అన్న ఆమె పాదాలకేసి చూశాడు. వాటికింకా తల్లి వరస మట్టి అంటుకునే ఉంది. తెడ్డు వాడి చేతిలోంచి జారింది, పారేశాడని అనలేను.

"కడుపుతో ఉంది కదా, బలముండాలని రెండు గ్లాసులు పోసేవాణ్ణి," అన్నాడు. మాలో ఎవరితో అన్నాడో తెలియదు. "మామూలప్పుడు ఒకటి. కడుపుతో ఉన్నప్పుడు రెండు."

నేను పొయ్యి కింద కట్టెలు లాగేశాను.

బావ వేళ్లు చన్నీళ్లలో పెట్టి, చెయ్యి మెడకి కట్టి సైకిలెక్కించాను. వెనక కూర్చుని ప్రతి గతుకుకీ నన్ను తిట్టాడు. పార పట్టుకోవడం ఎవరు నేర్పార్రా నీకు, తలకాయ వదిలేసి మోకాళ్లకేసి కొడతావా అన్నాడు. తర్వాత నా వీపుకి నుదురు ఆనించి కూర్చున్నాడు. నర్సు చెక్కబద్దలు పెట్టి కట్టు కట్టింది. ఎలా జరిగిందంది. డ్రమ్ము పడింది తల్లీ, అన్నాడు బావ. ఆమె నావైపు తిరిగి, మీ వదిన తాగడం ఆపిందా అని అడిగింది.

"ఆపింది," అన్నాను.

మేం తిరిగొచ్చేసరికి మబ్బు అలాగే ఉంది. అన్న తల్లి వరసలో కూర్చుని గుంటలు తీస్తున్నాడు. ముక్కు వాచి, కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. నన్ను చూసి, బాగానే కొట్టావురా మూగోడా అన్నాడు. నేను సంచి విప్పాను. ఒక్కో మొక్కా అందిస్తుంటే నాటాడు. పదకొండు నాటాడు, ఎనిమిది గుంటలు ఖాళీగా ఉన్నాయి. వదిన గట్టు మీద నిలబడి చూసింది. నాటుకోండి, కానీ దీని ఆకు ఒక్కటి కూడా నా గుమ్మం దాటి లోపలికి రాకూడదు, అంది. అన్న లేచి వంటింట్లోకి వెళ్లి, కషాయం కాచే గిన్నె, ఆ గ్లాసు, ఆరబెట్టిన ఆకు డబ్బా తెచ్చి పాకలో పెట్టి తలుపేశాడు.

బావ మెడ ఉబ్బిపోయి ఉంది. అన్న పాక బయటే రాయి మీద గుప్పెడు ఆకు నూరి, గుడ్డలో మూట కట్టి, వెచ్చబెట్టి ఆయన మెడ మీద వేశాడు. బావ వద్దనలేదు. తర్వాత అన్న కుండీ దగ్గర చేతులు కడుక్కున్నాడు, సబ్బుతో, మోచేతులదాకా, మళ్లీ మళ్లీ. వాసన చూసుకుని ఇంకోసారి కడుక్కున్నాడు.

వదిన పిలిచింది. నలుగురం కింద కూర్చున్నాం. రొట్టెలు, ఉడికించిన గుడ్లు. వదిన తన గ్లాసులో మంచినీళ్లు పోసుకుంది. బావ ఎడం చేత్తో రొట్టె తుంచబోతే అది కంచంతోపాటు జరిగిపోయింది. అన్న చూశాడు. చెయ్యి చాపి ఆ రొట్టె తీసుకుని చిన్న ముక్కలుగా తుంచి ఆయన కంచంలో పెట్టాడు. బావ వాటివైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక ముక్క తీసుకున్నాడు. వదిన దగ్గు ఆపుకోబోయింది, ఆగలేదు. ముగ్గురం తినడం ఆపాం. ఆమె నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, గుడ్డు పెంకు వలవడం మొదలుపెట్టింది. మేమూ తిన్నాం.